ఆటకు ఏ భాష? ముందు ఆడేదెవరో చెప్పండి

దోహాలో ఒక భారతీయ పాఠశాలలో కంప్యూటర్ పాఠాలు చెప్పి రిటైరయ్యాను. మా ఆయన ఉద్యోగం ఇంకా సాగుతోంది కాబట్టి, ఆయన వీసా నీడన ఇక్కడి మదీనత్ ఖలీఫా పేటలోనే ఉన్నాను. రిటైరైతే తీరిక దొరుకుతుందనుకున్నాను. దొరికింది తీరిక కాదు, తీరని ప్రశ్న. పూజలో కనబడినా, కూరగాయల కొట్లో కనబడినా అందరూ అడిగేది అదే: "మేడమ్, మావాడు గేమ్స్ చేస్తానంటున్నాడు. ఏ లాంగ్వేజ్‌తో మొదలెట్టించమంటారు?"

ఒకప్పుడు ఈ ప్రశ్నకు దగ్గు మందు పేరు చెప్పినంత తేలిగ్గా జవాబు చెప్పేసేదాన్ని. ఇప్పుడు నీళ్ళు నములుతున్నాను. శుక్రవారం కంప్యూటర్ ఆటల క్లాసును మీలాంటి కుర్ర టీచర్ల చేతుల్లో పెట్టి తప్పుకుంటున్నాను కనుక, ఆ నీళ్ళు ఎందుకు నములుతున్నానో రాసిపెట్టడం నా పని. ప్రమోషన్ల సంగతి రాయను. వచ్చిన ఒకే ఒక్క ప్రమోషన్ నా కుర్చీని ఏసీ గాలి సరిగ్గా నడినెత్తిన పడే చోటికి జరిపింది. దాని ఫలితం మెడనొప్పి, అంతే.

సెమీకోలన్ల సేద్యం

నేను చేరినప్పుడు మా విభాగానికి పెద్ద ఒక మలయాళీ మాస్టారు. నిక్కచ్చి మనిషి. ఈత నేర్పాలంటే పిల్లల్ని లోతులోకి తోసెయ్యాలన్నది ఆయన సిద్ధాంతం. అందుకని ఆట చేస్తామని ఉత్సాహంగా వచ్చిన ఏడో తరగతి పిల్లలకు మొదటి రోజే సీ ప్లస్ ప్లస్, వరస వరసకీ చివర సెమీకోలన్ పెట్టి తీరాల్సిన భాష.

పైగా ఇక్కడి కీబోర్డులు మీకు తెలుసు కదా. ఒక్కో మీట మీద ఇంగ్లీషూ అరబిక్కూ పక్కపక్కనే కాపురం ఉంటాయి. వేలు జారి రెండు మీటలు కలిపి నొక్కితే చాలు, టైపింగ్ అరబిక్‌లోకి మారిపోతుంది. ఒక అమ్మాయి ప్రోగ్రామ్ ఎంతకీ నడవలేదు. వరసకొకటి చొప్పున ఎర్రటి తప్పులు. క్లాసు అయిపోయాక నేనూ ఆ పిల్లా భూతద్దం పెట్టినట్టు వెతికితే, ఒక వరస చివర సెమీకోలన్ అద్దంలో చూసినట్టు తిరగబడి ఉంది. అరబిక్ సెమీకోలన్! ఆ పిల్ల నవ్వలేదు. "మిస్, నేను డ్రాయింగ్ క్లాసుకి మారిపోతా" అంది. మారిపోయింది కూడా.

సీ ప్లస్ ప్లస్‌ని తిట్టడం లేదు. పెద్ద పెద్ద ఆటల పునాదుల్లో ఉండేది అదే. కానీ పునాది చూపిస్తే ఎవరికీ ఇంటి మీద ఆశ పుట్టదు. కిటికీ చూపించాలి. మొదటి గంటలో తెర మీద ఏదో ఒకటి కదలాలి. కదలకపోతే పిల్లలు కదిలిపోతారు.

మా మాస్టారిని గురించి ఒక మంచి మాట కూడా చెప్పాలి. ఆ అమ్మాయి సంగతి తెలిశాక ఆయన, "లోతులోకి తోశాననుకున్నాను. తోసింది బురదలోకి" అన్నారు. మరుసటి ఏడాది ఏ భాష నేర్పాలో నన్నే ఎంచుకోమన్నారు. తన సిద్ధాంతాన్ని అలా పక్కన పెట్టగలిగిన పెద్దల్ని నేను తక్కువమందినే చూశాను. నన్ను కూడా కలుపుకునే చెబుతున్నాను.

పాము మెడకు చుట్టుకుంది

నేను ఎంచుకున్నది పైథాన్. పేరుకు కొండచిలువే గానీ స్వభావానికి ఆవుదూడ. సెమీకోలన్ల గొడవ లేదు, ఒక్క వరస రాస్తే ఒక్క పని జరుగుతుంది. అరగంటలో బంతి గెంతుతుంది, గంటలో గోడకు తగిలి వెనక్కి వస్తుంది. పిల్లల మొహాలు చూసి నాకే చప్పట్లు కొట్టాలనిపించింది. ఆ ఊపులోనే మన తెలుగువాళ్ళం కొందరం కలిసి అద్దెకు తీసుకున్న హాల్లో శుక్రవారం క్లాసు మొదలుపెట్టాను. ఇళ్ళలో మూలపడ్డ పాత ల్యాప్‌టాప్‌లు అడిగి తెచ్చుకున్నాం.

అక్కణ్ణుంచి నన్ను పట్టలేకపోయారు. ఎవరడిగినా పైథానే. పాములవాడికి ఊళ్ళో ప్రతి మట్టిదిబ్బా పుట్టలాగే కనబడుతుంది.

పిల్లల క్లాసులో రాజేశం

మా ఆయన కట్టడాల కంపెనీలో లెక్కలు చూసే ఇంజనీరు. ఒక సాయంత్రం టీ తాగుతూ అన్నారు: "మా సైట్లో రాజేశం అని షట్టరింగ్ కార్పెంటర్ ఉన్నాడు, కాంక్రీటు పోతకు చెక్కలు బిగిస్తాడు. నీ క్లాసుకొస్తానంటున్నాడు."

"అది పిల్లల క్లాసండీ."

"పిల్ల కోసమేనట. నువ్వే మాట్లాడు."

ఆ శుక్రవారం రాజేశం బర్వా అల్ బరాహా కార్మికుల క్యాంపు నుంచి బస్సులు మారి వచ్చాడు. ఇస్త్రీ చొక్కా, చేతిలో ఖర్జూరాల పొట్లం. జగిత్యాల దగ్గరి పల్లె ఆయనది. చిన్న కుర్చీలో మోకాళ్ళు ముడుచుకుని కూర్చున్నాడు.

"కంప్యూటర్ ఎప్పుడైనా వాడారా?" అనడిగాను.

"ఇంటర్ల నేర్సుకున్న మేడమ్. టైపింగ్ అస్తది. మర్సిపోయిన గని, కూసుంటె యాదికస్తది."

"ఆటే ఎందుకు చెయ్యాలనుకుంటున్నారు?"

ఆయన ఖర్జూరాల పొట్లాన్ని బల్ల మీద అటూ ఇటూ జరిపాడు. "నాకొక బిడ్డ, సాన్వి. నేను ఈడికి అచ్చినప్పుడు అది ఒళ్ళె పిల్ల. పోయిన లీవుల పోయి ఎత్తుకుంటె గుక్కపట్టి ఏడ్సింది. నా మొకం అలవాటయ్యేసరికి లీవు ఒడిసింది. ఇప్పుడు వీడియో కాల్ జేస్తె తలుపెనక దాక్కుంటది. వాళ్ళమ్మ 'దుబాయ్ బాపు బిడ్డా, మాట్లాడు' అంటది. 'నాకద్దు' అని ఉరుకుతది."

దోహా అయినా, మస్కట్ అయినా వాళ్ళ ఊళ్ళో అన్నీ దుబాయే. పాపం ఆ పిల్లకు 'దుబాయ్ బాపు' అంటే నాన్న కాదు, ఫోనులో కాపురముండే ఎవరో ఒక మనిషి.

"గని మేడమ్," అన్నాడు రాజేశం, "అదే ఫోన్ల ఆట వెడితె మాత్రం కదలది. బువ్వ తినుడు గూడ మరుస్తది. గందుకే అనుకున్న, ఆ ఆట నేను జేసిందే అయితె? ఎండలు తగ్గినంక లీవున్నది. ఈసారి పోతె నన్ను జూసి ఏడ్వద్దు. గంతే."

ఇంతకన్నా స్పష్టంగా చెప్పిన విద్యార్థి నాకు దొరకలేదు. ఇంకేం, పామును తీసి ఆయన మెడలో వేశాను.

రాజేశం త్వరగానే పట్టుకున్నాడు. సాన్వికి ఇంట్లో ఒక ఎర్ర కోడిపెట్ట అంటే ప్రాణమట. అందుకని కుక్క తరుముతుంటే తప్పించుకుంటూ గింజలు ఏరుకునే కోడి ఆట. కోడ్ నేర్చుకోవడానికి వచ్చి కోడి దగ్గర ఆగిపోయాడని నేను హాస్యమాడితే, మర్యాదకు నవ్వాడు. పిల్లలకైతే ఆయనంటే తెగ సరదా.

"రాజేశం అంకుల్, మీ కోడి గోడలోంచి వెళ్ళిపోతోంది!"

"గోడకు ఇంక షట్టరింగ్ గొట్టలే బిడ్డా. ఆగుండ్రి, కొడత."

కోడి అంటే నిజానికి ఒక ఎర్ర చతురస్రం, కుక్క అంటే గోధుమరంగు చతురస్రం. బాణం మీటలు నొక్కితే ఎరుపు పారిపోతుంది, గోధుమరంగు తరుముతుంది. అది తప్పుల్లేకుండా నడిచిన శుక్రవారం పిల్లలందరూ ఆయన కుర్చీ చుట్టూ మూగి వంతులు వేసుకుని ఆడారు. రాజేశం మొహం వెలిగిపోయింది.

"మేడమ్, ఇగ దీన్ని పంపుడెట్ల?"

"ఎక్కడికి?"

"ఇంటికి. సాన్వికి."

"ఇంట్లో ఏ కంప్యూటర్ ఉంది?"

"కంప్యూటర్ మాఫీ, ఏం లేదు మేడమ్. లావణ్య ఫోనే ఉన్నది."

లావణ్య ఆయన భార్య. ఆమె ఫోనులో పైథాన్ లేదు, ఉండదు. ఆ ఫోనుకు బాణం మీటలూ లేవు. ఇంగ్లీషు ఎంత వచ్చు, టైపింగ్ వచ్చా, సెలవెప్పుడు, అన్నీ అడిగాను ఆయన్ని. ఆడే పిల్ల చేతిలో ఏముంటుందో మాత్రం అడగలేదు. ఆట చేసేవాడికి నప్పే చొక్కా కుట్టి, ఆడేదానికి తొడగబోయాను.

సంగతి చెప్పాను. రాజేశం తెర మీది ఆటను మూసేశాడు.

"నడుస్తదనుకున్న మేడమ్. పోనీయుండ్రి. నేర్సుకునుడన్న అయింది."

తర్వాతి శుక్రవారం ఆయన రాలేదు. ఆ పై శుక్రవారమూ రాలేదు. మా ఆయన్ని అడిగితే, "పనికి వస్తున్నాడు. ఆట సంగతి ఎత్తితే నవ్వి ఊరుకుంటున్నాడు. ఆ నవ్వు కన్నా నాలుగు తిట్లు తిట్టినా బావుండును" అన్నారు.

సున్నాకూ శూన్యానికీ తేడా తెలియని భాష

మొదట నేను చేసింది మొండితనం. పైథాన్ ఆటనే మూట కట్టి ఫోనులోకి తోయాలని చూశాను. దారులున్నాయి, కానీ ఒక్కొక్కటీ పెళ్ళివారి సామానంత. మొదటి ఆట చేసినవాడికి అవి నేర్పడం అన్యాయం.

మిగిలింది జావాస్క్రిప్ట్. ఆ భాషంటే నాకు మొదటినుంచీ చిన్నచూపు. సున్నాకూ, ఖాళీకీ తేడా అడిగితే రెండూ ఒకటేలే అని సర్దుకుపోయే రకం. తప్పు చేస్తే కేక పెట్టకుండా గమ్మున ముందుకు పోతుంది. పాఠం చెప్పేవాళ్ళకు ఇలాంటి విద్యార్థి అంటే ఒళ్ళుమంట. కానీ దానికో గొప్ప గుణం ఉంది: అది లేని ఫోను లేదు. ఇంటర్నెట్ పేజీ తెరిచే ప్రతి ఫోనులోనూ అది ముందే వచ్చి కూర్చుని ఉంటుంది. ఆటను ఒక పేజీగా పెడితే చాలు, లింకు పంపితే ఎక్కడైనా తెరుచుకుంటుంది. చిన్నచూపు చూసిన చుట్టమే ఆపదలో తలుపు తట్టినట్టయింది.

ఒక ఎర్ర చతురస్రం, వేలు పెట్టిన చోటికి అది వస్తుంది. అంతవరకు రాసి, ఆ శుక్రవారం మా ఆయనతో అన్నాను: "పదండి, క్యాంపు దాకా."

"యల్లా, పోదాం," అన్నారాయన, చెప్పులు వెతుక్కుంటూ.

క్యాంపు గేటు బయట టీ కొట్టు దగ్గర రాజేశం వచ్చి నిలబడ్డాడు. లుంగీ మీద రావాల్సి వచ్చినందుకు సిగ్గుపడుతున్నాడు. ఆయన ఫోనుకు లింకు పంపి, నొక్కమన్నాను. నొక్కాడు. ఎర్ర చతురస్రం ఆయన వేలి వెంట పరుగెత్తింది.

"గిది నా ఫోన్లకు ఎట్లచ్చింది?"

"లింకు మీద వచ్చింది."

"గీ లింకు లావణ్యకు పంపితె?"

"పంపి చూడండి."

పంపాడు. టీ వచ్చింది. మా ఆయన సగం తాగారు కూడా. అప్పుడు ఫోను మోగింది. లావణ్య పంపిన వాయిస్ మెసేజ్. అందులో ఆమె గొంతు కన్నా ముందు వెనకనుంచి ఒక చిన్న గొంతు: "అమ్మా, గిది కోడి గాదు. ఇటుక!"

మా ఆయనకు టీ పొలమారింది. రాజేశం ఆ సందేశాన్ని మళ్ళీ పెట్టుకుని విన్నాడు. తర్వాత ఫోను నోటి దగ్గర పెట్టుకుని, పక్కన మేమున్నామని మరిచిపోయి మాట్లాడాడు: "ఇటుకనే బిడ్డా. నేను ఇటుకల కాడనే ఉంట గద. దాన్ని కోడిని జేస్త. ముందుగాల తోక పెట్టాల్నా, ముక్కు పెట్టాల్నా?"

ఎదురుచూశాం. అప్పటిదాకా ఆ పిల్ల తండ్రి అడిగిన దేనికీ జవాబు చెప్పలేదని నాకు తెలుసు.

ఫోను మోగింది. ఈసారి మధ్యలో అమ్మ లేదు.

"ముక్కు. ముక్కు లేకుంటె గింజలెట్ల తింటది?"

రాజేశం మా వంక చూశాడు. "నన్నే అడిగింది మేడమ్," అన్నాడు. ఇంకో టీ చెప్పాడు, తాగడం మరిచిపోయాడు.

అందరికన్నా కఠినమైన బాసు

నా ఉద్యోగంలో చాలామంది బాసుల్ని చూశాను. సాన్వి ముందు వాళ్ళందరూ దిగదుడుపే. ప్రతి శుక్రవారం రాజేశం ఆజ్ఞల చిట్టాతో క్లాసుకు వచ్చేవాడు. కుక్క ముసల్దానిలెక్క ఉరుకుతుందట. గింజలు చిన్నగున్నయట. కోడి దొరికినప్పుడు నానమ్మ బయటికొచ్చి కుక్కను తిట్టాలట. నానమ్మ తిట్లను ఫోనులో రికార్డు చేసి పంపించారు. వాటిలో క్లాసు పిల్లలు వినదగ్గవి ఏరడానికి నాకు ఒక పూట పట్టింది.

కుక్క వేగం పెంచాలంటే కోడ్‌లో ఒకే ఒక్క అంకె మార్చాలి. ఆ ఒక్క అంకె మార్చినందుకు ఊళ్ళో ఒక పిల్ల గెంతుతుందని తెలిసిన మనిషి, మిగతా పాఠం తనంతట తనే నేర్చుకుంటాడు. నేను పుస్తకం తెరవనక్కర్లేకపోయింది.

వీడియో కాల్‌లో మాత్రం సాన్వి ఇంకా తలుపు వెనకే ఉండేది. "తలుపెనకనుంచే ఆర్డర్లేస్తది మేడమ్," అని నవ్వేవాడు. కానీ లీవు దగ్గరపడేకొద్దీ ఆ నవ్వు సన్నబడింది. "ఆట నచ్చుడు ఏరు, నేను నచ్చుడు ఏరు గదా," అన్నాడొకరోజు. కంప్యూటర్ పాఠాల్లో ఆ అధ్యాయం లేదు.

ఈ మధ్యలో నేను ఇంకో పొరపాటు కూడా చేశాను. రాజేశం విషయంలో పనిచేసింది కదా అని వచ్చినవాళ్ళందరికీ జావాస్క్రిప్ట్ మాత్రే వేశాను. అల్ రువైస్ నుంచి ఒక అమ్మాయి వచ్చేది. వాళ్ళ నాన్న అక్కడి రేవులో ఉద్యోగం. వలలో చేపలు పట్టే ఆట చేసి స్కూల్లో సైన్స్ మేళాలో పెట్టాలని తన కోరిక. ఆడేది స్కూలు కంప్యూటర్ల మీద, ఆడేవాళ్ళు స్నేహితులు. తనకు పైథానే హాయి. నేనేమో ఫోను, లింకు, పేజీ అంటూ ఊదరగొట్టాను. చివరికి ఆ పిల్లే అంది: "మిస్, మా స్కూల్లో ఫోన్లు తేనివ్వరు." జబ్బు ఏమిటో వినకుండా మందు చీటీ రాసే వైద్యుల్ని చూసి నేను చాలాసార్లు నవ్వాను. ఆ రోజు అద్దంలో చూసుకుని నవ్వాల్సి వచ్చింది.

కాబట్టి, కుర్ర టీచర్లూ, తల్లిదండ్రులు వచ్చి "ఉద్యోగం తెచ్చే భాష ఏది" అని అడుగుతారు. మొదటి ఆటకు ఏ భాషా ఉద్యోగం తేదని మెల్లగా చెప్పండి. మొదటి ఆట రెండో ఆట మీద ఆశ తెస్తే చాలు. చదవడం ఇంకా సరిగ్గా రాని పిల్లలైతే కోడ్ రాయకుండా తెర మీద రంగు దిమ్మెలు పేర్చి ఆట చేసే పద్ధతి ఉంది, దాన్ని చిన్నపిల్లల వ్యవహారమని తీసిపారెయ్యకండి. ఒక భాష నేర్చినవాడికి రెండోది నేర్చుకోవడం కష్టమేమీ కాదు. రాజేశం పైథాన్‌లో నేర్చిన గోడలూ, తరుములాటలూ జావాస్క్రిప్ట్‌లోకి ఇట్టే వచ్చేశాయి. కొంప మారినా కుంపటి అదే. ఏ భాష అన్నది చివరి ప్రశ్న. ఆడేదెవరు, ఎక్కడ, దేని మీద? అవి తేలితే భాష తనంతట తనే వచ్చి వాకిట్లో నిలబడుతుంది.

అరుగు మీద ఆట

ఎండలు తగ్గాక రాజేశం వెళ్ళాడు. వెళ్ళేముందు సాన్వి అడిగిన కొత్త కుక్కపిల్లను ఆటలో పెట్టాడు. సామాను సర్దుకోవడం కన్నా ఆ కుక్కపిల్ల తోక ఊపడం మీదే ఎక్కువ శ్రద్ధ పెట్టాడని మా ఆయన అన్నారు. నేను ఫోను దగ్గర పెట్టుకుని తిరిగాను. ఉద్యోగంలో ఉన్నప్పుడు పరీక్షా ఫలితాల కోసం కూడా అలా తిరగలేదు.

కొన్నాళ్ళకు సందేశం వచ్చింది. వెనకనుంచి ఏదో కోడి అరుపు, ఎవరో గిన్నెలు తోముతున్న చప్పుడు.

"మేడమ్, నమస్తే. ఇల్లు చేరిన. నన్ను జూడంగనే తలుపెనకకు ఉరికింది. ఇగ అయిపాయె అనుకున్న. పిలువలే నేను. అరుగు మీద కూసోని ఫోన్ తీసి ఆట పెట్టిన. కావాల్నని కుక్కకు దొరికిన. మళ్ళ దొరికిన. తలుపెనకనుంచి 'అయ్యో' అన్నది. నేను ఇనలేదన్నట్టు మళ్ళ దొరికిన. ఇగ ఆగలేకపోయింది మేడమ్. ఉరికచ్చి, 'బాపూ, నీకు ఆడుడే రాదు, ఇయ్యి నాకు' అని ఫోన్ గుంజుకోని నా ఒళ్ళె కూసున్నది. మస్తు తిట్టింది మేడమ్ నన్ను. మస్తు తిట్టింది."

దుబాయ్ బాపు అనలేదు. బాపు అంది. ఆ సంగతి నేను మా ఆయనకు రెండుసార్లు చెప్పాను. ఆయన రెండుసార్లూ కొత్తగా విన్నట్టే విన్నారు.

సందేశం చివర ఇంకో మాట ఉంది: "మేడమ్, సాన్వి గూడ ఆట చేసుడు నేర్సుకుంటదట. దానికి ఏ భాష మంచిగుంటది?"

నోటిదాకా ఒక భాష పేరు వచ్చింది. మింగేశాను. "ఎవరు ఆడే ఆటో అడగండి," అని జవాబు పంపాను.

ఈసారి ఎక్కువసేపు ఆగలేదు. రాజేశం నవ్వు ఆపుకుంటున్నాడు. పక్కనుంచి సాన్వి అరుస్తోంది: "కోడికి! కోడికి అని చెప్పు బాపూ!"

"మా ఎర్ర కోడి ఆడాల్నట మేడమ్. అది ఫోన్ మీద ముక్కుతోని పొడిస్తె తెర మీద గింజలు రాలాల్నట."

మన వేలు తగిలితే ఫోను తెరకు తెలుస్తుంది. కోడి ముక్కు తగిలితే తెలుస్తుందా? ఇన్నేళ్ళు కంప్యూటర్ పాఠాలు చెప్పాను, తెలియదు. నాకు తెలిసినవాళ్ళను అడిగాను, వాళ్ళకూ తెలియదు. మదీనత్ ఖలీఫాలో పరీక్షించి చూద్దామంటే కోడిపెట్ట లేదు.

రాజేశానికి ఇలా చెప్పాను: "పాత ఫోను ఎక్కడైనా దొరికితే అందులో మన కోడి ఆట తెరిచి, నేల మీద పెట్టి, దాని మీద నాలుగు గింజలు చల్లి చూడమనండి. ఏమయిందో సాన్వినే నాకు చెప్పమనండి. భాష సంగతి ఆ తర్వాత చూద్దాం."